వాటాల లెక్క దగ్గర ఆగిన పాఠం

"ఈ జవాబు నేను రాయను అబ్బా" అంది మా అమ్మాయి. మా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నాం. భిన్నాల పాఠంలో వారసత్వం లెక్క ఇచ్చాను. ఒకాయన చనిపోయాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. ఖుర్ఆన్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదాంట్లో కొడుక్కి రెండు వాటాలు, కూతురికి ఒకటి. ఆస్తిని 24 భాగాలు చేస్తే 3, 14, 7. నోటితో సరిగ్గానే చెప్పింది. రాయడానికే ఒప్పుకోలేదు. "తమ్ముడికి పద్నాలుగు, నాకు ఏడా?"

ఇంటిని పోషించే బాధ్యత మగవాడిదనీ, ఆడపిల్ల వాటా పూర్తిగా ఆమె సొంతమనీ చెప్పాను. "మనింట్లో అమ్మీ కూడా జీతం తెస్తోందిగా" అంది. గుంటూరు వైపు మా బంధువుల్లో ఆ ఒక్క వాటా కూడా ఆడపిల్లలకు దక్కని ఇళ్ళున్నాయి. పొలం అన్నదమ్ములు పంచుకుంటారు, అక్కచెల్లెళ్ళు సంతకం పెట్టి వెళ్ళిపోతారు. అలాంటి చోట, ఈ వాటాలు చెప్పే ఖుర్ఆన్ అధ్యాయం నిసా సూరా కూతురికి ఎవరూ కాదనలేని హక్కు ఇస్తోందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అదే చెప్పాను. శ్రద్ధగా వింది. ఒప్పుకోలేదు.

ఇలాంటి లెక్కలు కొత్తవేం కాదు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వాల లెక్కలే.

మేముండే టెక్సస్‌లో పిల్లల్ని ఇంట్లో చదివించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ ఐదూ నేర్పాలి. మిగతాది మన ఇష్టం. ఆ స్వేచ్ఛ దొరికాక కొందరు ప్రతి పాఠానికీ ఒక ఆయత్ (ఖుర్ఆన్ వాక్యం) తగిలిస్తారు. నాకది నచ్చదు. ఇవాళ్టి సైన్సుకు ఆయత్‌ను ముడేస్తే, రేపు ఆ సైన్సు మారినప్పుడు పిల్లల ఈమాన్ (విశ్వాసం) కదిలిపోదా? దీన్‌కు, అంటే మన ధర్మానికి, నిజంగా లెక్క అవసరమైన చోటే దాన్ని పాఠంలోకి తెమ్మంటాను. శాతాలు నేర్పేటప్పుడు జకాత్ (తప్పనిసరి దానం) ఉంది. 85 గ్రాముల బంగారం విలువకు తగ్గకుండా సొమ్ము ఏడాది పాటు నిలిస్తే అందులో 2.5 శాతం. భూగోళానికి ఖిబ్లా (నమాజ్‌లో తిరగాల్సిన మక్కా దిక్కు) ఉంది. మక్కా డల్లాస్ కన్నా దక్షిణాన ఉన్నా, మేం ఈశాన్యానికి తిరిగి నమాజ్ చేస్తాం. దగ్గరి దారి అటే ఎందుకో గ్లోబు మీద దారం బిగించి చూపిస్తే మా అబ్బాయికి వెంటనే అర్థమైంది. పౌరసత్వానికైతే, పొరుగువాడు పస్తుంటే కడుపునిండా తినేవాడు మోమిన్ (విశ్వాసి) కాడన్న హదీస్ (ప్రవక్త మాట) చాలు. ఫుడ్‌బ్యాంకులో డబ్బాలు సర్దడమే దాని హోంవర్క్.

నా చిన్నప్పుడు ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) తర్వాత మసీదులో హజ్రత్ (గురువు) దగ్గర ఖాయిదా (అరబీ అక్షరాల పుస్తకం), ఆ తర్వాత బడి. ఒకచోట చదివింది ఇంకోచోట ఎత్తేవాళ్ళం కాదు. ఇక్కడ ఆ రెండింటినీ కలిపి చదివించాలని పట్టుబట్టింది నేనే. కలిపాక, లెక్కను అడిగినట్టే దీన్‌నూ ఎందుకని అడుగుతోంది పిల్ల. ఆదివారం మసీదు క్లాసులోనే అయితే ఆ ఆయత్ కంఠతా పట్టి ఊరుకునేదేమో. అదే మేలా? కాదనే అనిపిస్తుంది. కానీ గట్టిగా చెప్పలేను.

మా అబ్బాయి ఆ లెక్క దగ్గరికొచ్చేసరికి అమ్మనూ అక్కనూ చూసుకోవాల్సిన బాధ్యత ముందు నేర్పి, పద్నాలుగు వాటాల మాట తర్వాత ఎత్తాలని మాత్రం నిర్ణయించుకున్నాను.

వచ్చే నెల మా అమ్మాయికి సైన్సులో జీవపరిణామం ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నేర్పి, మొదటి మనిషి ఆదం అలైహిస్సలాం గురించి ఖుర్ఆన్ చెప్పింది చదివించి, ఈ విషయంలో ఆలిముల (మత పండితుల) మధ్యే భేదాలున్నాయని చెప్పాలని నా ఉద్దేశం. ఈ వయసులో అంత బరువు పెట్టొద్దు, ఒక ఏడాది ఆగుదాం అంటుంది మా ఆవిడ. ఆగితే ఆ ప్రశ్న ఎవరినైనా అడిగేస్తుందని నాకు టెన్షన్. ఇంకా తేల్చుకోలేదు.