శాతం ఒక్కటే చూస్తే చాలదు

పరాయి దేశంలో, క్యాబినెట్లు తయారుచేసే వర్క్‌షాపులో చేరినవాడికి మొదటి ఇబ్బంది మాటతోనే. మా షిఫ్టులో ఒక్కొక్కరిది ఒక్కో భాష. అందరికీ అంతో ఇంతో వచ్చిన ఇంగ్లిష్ కూడా మెషీన్ల హోరులో సగం వినపడదు. అలాంటి చోట నన్ను నిలబెట్టింది నెస్టింగ్ పని. అంటే క్యాబినెట్ ముక్కలన్నిటినీ వృథా తగ్గేలా చెక్క షీటు మీద పేర్చి, సీఎన్‌సీ రౌటర్‌కి (కంప్యూటర్ చెప్పినట్టు కోసే మెషీన్‌కి) కటింగ్ ఫైలు ఇవ్వడం. లేఅవుట్ బాగుంటే నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కోసేవాళ్ళకి, బిగించేవాళ్ళకి పని చేతిలోనే తెలిసిపోతుంది.

బటన్ నొక్కితే సాఫ్ట్‌వేరే పేర్చేస్తుంది కదా అంటారు. పేరుస్తుంది, కానీ మనం పెట్టిన నియమాల మేరకే. ఒక లెక్క చూడండి. షీటు 2440 x 1220 మి.మీ. అంచులు తరచుగా దెబ్బతిని ఉంటాయి కాబట్టి చుట్టూ 10 మి.మీ. వదిలేస్తే వాడుకోడానికి 2420 x 1200 ఉంటుంది. 12 మి.మీ. బిట్‌తో (మెషీన్‌లో గిర్రున తిరిగి కోసే ములికితో) కోస్తే ముక్కకీ ముక్కకీ మధ్య ఆ 12 పొట్టు కింద పోతుంది. క్యాబినెట్ పక్క పలక 720 x 560 అనుకుందాం. 720ని షీటు పొడవు వెంట పెడితే పొడవులో 3, వెడల్పులో 2, మొత్తం 6 పలకలు వస్తాయి. చివర్లో 224 మి.మీ. పట్టీ మిగులుతుంది. అందులో 564 x 100 సైజు రెయిల్స్ (పక్క పలకల్ని కలిపే అడ్డపట్టీలు) 4 ఇమిడిపోతాయి. అదే పలకను అడ్డంగా తిప్పితే 4 మాత్రమే వస్తాయి. మిగిలే 468 మి.మీ. పట్టీలో ఇంకో పలక పట్టదు. చెక్క గీతలున్న షీటైతే అసలు తిప్పకూడదు. ఆ గీతలు మామూలుగా షీటు పొడవునా ఉంటాయి, బిగించాక నిలువుగా కనపడాలి.

ఈమధ్య తెలుగబ్బాయి ఒకడు మాతో చేరాడు. చురుకైనవాడు. ఒకరోజు ఆనందంగా స్క్రీన్ చూపించి, "అన్నా, 92 శాతం వచ్చింది, చూడన్నా" అన్నాడు. షీటులో వృథా పోకుండా ముక్కలుగా పనికొచ్చే భాగమే ఆ శాతం.

"బాగుంది తమ్ముడూ. మరి ఆ మూలనున్న చిన్న ముక్కల్ని ఎవరు పట్టుకుంటారు?" అన్నాను.

శాతం దగ్గర ఆగిపోయేవాళ్ళు చూడనిది ఇదే. షీటును టేబుల్‌కి పట్టి ఉంచేది వాక్యూమ్, అంటే టేబుల్ కింద నుంచి గాలి పీల్చేయడం. ఆ పట్టు ముక్క విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. మన రెయిల్ విస్తీర్ణం పక్క పలకలో ఏడో వంతు. దాని మీద పట్టు కూడా అంతే తగ్గుతుంది, బిట్ తోపుడు మాత్రం తగ్గదు. పైగా కోసిన ప్రతి గాడిలోంచీ గాలి లోపలికి లాగేస్తుంది. పని చివరికొచ్చేసరికి పట్టు బాగా సడలిపోతుంది. అంచుల దగ్గర మరీ అన్యాయం. అందుకే చిన్న ముక్కల్ని షీటు మధ్యలోకి జరపాలి, చుట్టూ షీటు ఇంకా గట్టిగా ఉండగానే వాటిని ముందు కోయించాలి. మరీ చిన్నవైతే మొదటిసారి అడుగున అర మి.మీ. పొర వదిలి, రెండోసారి దాన్ని తీసేయాలి. ముక్క కదిలితే ముందు చెవికే తెలుస్తుంది: ఒకే శ్రుతిలో సాగుతున్న మోత ఉన్నట్టుండి గరగరమంటుంది. వెళ్ళి చూస్తే అంచు మెట్లు మెట్లుగా తెగి ఉంటుంది. ఆ ముక్క మళ్ళీ కోయాలంటే ఇంకో షీటు ఎక్కించాలి. పెంచుకున్న శాతమంతా అక్కడే పోతుంది.

ఇంకో సంగతి మనుషులది. రెండు శాతం కోసం ఒక క్యాబినెట్ ముక్కల్ని ఐదారు షీట్ల మీద చెల్లాచెదురు చేస్తే, చివరి షీటు తెగేదాకా ఒక్క పెట్టె కూడా బిగించలేరు. ట్రాలీలు నిండిపోతాయి, వెతుకులాట మొదలవుతుంది, అందరికీ టెన్షన్. నా మటుకు నేను ఆ రెండు శాతం వదులుకుంటాను, ఒక క్యాబినెట్ ముక్కలు పక్కపక్క షీట్లలోనే వచ్చేలా చూస్తాను. మాలాంటి వర్క్‌షాపులో లేబుల్ మీద మాటల కన్నా బొమ్మ మేలు. ముక్క ఆకారం గీసి, ఎడ్జ్ బ్యాండింగ్ (అంచుకి సన్నని పట్టీ అంటించడం) చేయాల్సిన అంచును మందపాటి గీతతో చూపిస్తే, ఏ భాషవాడైనా అడక్కుండా పని చేసుకుపోతాడు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడే కొత్తవాళ్ళకి అదెంత ఊరటో నాకు తెలుసు.

ఆర్డర్‌లో చివరి షీటు సగమే నిండిందనుకోండి, ముక్కల్ని అంతటా పరచకుండా ఒక పక్కకి నెట్టాలి. అప్పుడు మిగిలేది ఒకే పెద్ద దీర్ఘచతురస్రం. దాని మీద సైజు, రంగు, మందం రాసి ర్యాక్‌లో పెట్టి, సాఫ్ట్‌వేర్ స్టాక్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఆ ముక్క ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌కి తెలియదు, కొత్త షీటే అడుగుతుంది. ఆ తమ్ముడిప్పుడు కొత్త ఆర్డర్ రాగానే ముందు ర్యాక్ చూసి వచ్చి, ఆ తర్వాతే స్క్రీన్ ముందు కూర్చుంటున్నాడు.