సత్తు గిన్నె తీసిన పరువు

నిన్న రాత్రి తొమ్మిదింటికి మా ఇంట్లో పది ప్రెట్జెల్ డాగులు ఎర్రగా కాలి ప్లేటులోకి దిగాయి. ఇది నాలుగో ప్రయత్నం. ముందు మూడింటి సంగతి వేడివేడిగా రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

మా మనవడు ఈ వేసవిలో న్యూజెర్సీ నుంచి రాజోలు దగ్గర మా ఊరు వచ్చాడు. వారం రోజులు ముంజెలు, పనసతొనలు, కొబ్బరినీళ్ళతో సరిపెట్టుకున్నాడు. ఆ తర్వాత ప్రెట్జెల్ డాగ్ కావాలని మొదలెట్టాడు. సాసేజ్ అనే మాంసపు కడ్డీ చుట్టూ మైదా పిండి తాడులా చుట్టి, మరిగే సోడా నీళ్ళలో ముంచి తీసి, పైన గరుకు ఉప్పు చల్లి ఓవెన్‌లో కాలుస్తారు. ప్రెట్జెల్ అసలు జర్మనీ వాళ్ళ రొట్టె, వలస వెళ్ళినవాళ్ళతో పెన్సిల్వేనియా చేరింది. డాగ్ అన్న మాట వినగానే మా ఆవిడ నాకేసి ఒక చూపు చూసింది. లోపల ఉండేది కోడిమాంసమేనని చెప్పాక శాంతించింది.

నేను ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పాను. నా సబ్జెక్టులో తప్పినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "సోడా, ఈస్టు, వేడి... అంతా కెమిస్ట్రీయే, ఇందులో వంట ఏముంది?" అన్నాను. ఆ మాట మా ఆవిడ వినేలా అనకుండా ఉండాల్సింది.

సాసేజ్‌ల కోసం చించినాడ వంతెన దాటి పాలకొల్లు, అక్కడ లేవంటే భీమవరం. మొదట కొన్న షాపులో ఫ్రీజర్ తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు. ఇంటికొచ్చి ప్యాకెట్ విప్పితే జిగురు, వాసన. అడిగితే "ఎండ కదండీ" అన్నాడు, ఎండని నేనే పట్టుకొచ్చినట్టు. రెండోసారి థర్మోకోల్ డబ్బా తీసుకెళ్ళాను. రొయ్యల పుణ్యమా అని భీమవరంలో ఐసుకి కరువు లేదు.

పిండి కలపడం తేలికే. పది సాసేజ్‌లకి 400 గ్రాముల మైదా, 7 గ్రాముల ఈస్టు, 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, 30 గ్రాముల వెన్న, చెంచాడు పంచదార, చెంచాడు ఉప్పు. ఈస్టుని ముందు పంచదార నీళ్ళలో వేసి పది నిమిషాలు చూడండి. నురగ రాకపోతే పారబోసి కొత్త ప్యాకెట్ విప్పండి.

ఇక సోడా నీళ్ళు.

రెండు లీటర్ల నీళ్ళకి 100 గ్రాముల తినే సోడా. వంటింట్లో అన్నిటికంటే పెద్దది అన్నం వార్చే సత్తు గిన్నె. కొందరు దాన్నే సిల్వర్ గిన్నె అంటారు గానీ, అది అల్యూమినియం. మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అందులో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. నీళ్ళు మరుగుతుంటే సోడా వేశాను. ఒక్కసారిగా నురగ పొంగి పొయ్యి ఆరిపోయింది. కొంచెం కొంచెంగా వేయాలని అప్పుడు తెలిసింది. మళ్ళీ వెలిగించి, పిండి చుట్టిన సాసేజ్‌లు రెండేసి చొప్పున వేయడం మొదలుపెట్టాను. మూడో జతకి నీళ్ళు బూడిద రంగుకి తిరిగాయి. గిన్నె అడుగు నుంచి సన్నని బుడగలు. నీళ్ళ మట్టం దాకా గిన్నె లోపల కాటుక పూసినట్టు నల్లబడింది. తీసిన పిండి మీద కూడా బూడిద రంగు చారలు.

ఆ రోజే మా ఏసీ సర్వీసింగ్‌కి ఒక కుర్రాడు వచ్చాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడే. వెనక బెంచీ. వాణ్ణి ఎన్ని పీరియడ్లు వరండాలో నిలబెట్టానో నాకే లెక్క లేదు. మంచినీళ్ళ కోసం వంటింటి గుమ్మం దాకా వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు.

"మేస్టారూ, సత్తు గిన్నెలో సోడా మరిగిస్తున్నారేంటండి?"

"ఏం, ఏమవుతుంది?"

"మా ఏసీ రెక్కలు అల్యూమినియమేనండి. ఘాటు క్లీనర్ కొడితే తినేస్తదండి. అల్యూమినియం క్షారంతో కలిస్తే హైడ్రోజన్ వస్తదని మీరే చెప్పారు కదండి. ఆ రోజు నేను క్లాసులోనే ఉన్నానండి, ఆయ్."

ఆ చివరి మాట వాడు కావాలని అన్నాడో, మామూలుగా అన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మనవడు నా ముఖంలోకి చూస్తున్నాడు. మా ఆవిడ గిన్నె వంక చూస్తోంది. అల్యూమినియం ఆక్సైడ్ ద్విస్వభావం కలది, ఆమ్లంతోనూ క్షారంతోనూ చర్య జరుపుతుంది అని ముప్ఫై నాలుగేళ్ళు బోర్డు మీద రాసిన చెయ్యి నాది. బోర్డు మీద రాసిందాన్ని ఒక్కసారైనా ఇంట్లో గిన్నెలో చూపించి ఉంటే నాకీ గతి పట్టేది కాదు. మార్కుల కోసం చెప్పాం, మార్కుల కోసం చదివారు. చేతిపని కోసం నేర్చుకున్నవాడికి మాత్రమే అది గుర్తుంది. వాణ్ణి వరండాలో నిలబెట్టింది నేను!

ఆ వాయి మొత్తం పారబోశాను. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. గిన్నెలో గుప్పెడు చింతపండు వేసి నీళ్ళు పోసి అరగంట మరిగించింది. నలుపు చాలావరకు పోయింది. ఆమ్లంతో ఆ పొర కరుగుతుందని నేను వివరించబోతే, "అలాగా? మా అమ్మ ఇలాగే చేసేది" అంది.

రెండోసారి స్టీలు గిన్నె. ఈసారి ఎండ చెడగొట్టింది. రోహిణీ కార్తెలో పిండి గంటన్నర పొంగాలని చెప్పే వీడియోలని నమ్మకండి. ఆ చెప్పినవాళ్ళు ఏ చలిదేశంలోనో ఉన్నారు. మా ఇంట్లో నలభై నిమిషాలకే పిండి రెట్టింపై గిన్నె అంచు దాటింది. గంటన్నర ఉంచేసరికి పుల్లటి వాసన, చేతికి సాగుడు. చుట్టిన తాడు సోడా నీళ్ళలో పడగానే విడిపోయి, సాసేజ్ ఒక పక్క, పిండి ఒక పక్క. ఇప్పుడు నలభై నిమిషాలకే ఆపేసి, చుట్టడం అయ్యాక ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను. పిండి గట్టిపడి, ముంచినా చెదరదు.

చుట్టడం నా వల్ల కాలేదు, మా ఆవిడకే వచ్చింది. చేగోడీలు చేసే చెయ్యి. పూలమ్మే మనిషి మల్లెపూలు కొలిచినట్టు మూరెడు తాడు సాగదీసి, బొంగరానికి తాడు చుట్టినట్టు చుట్టేసింది. సాసేజ్‌ని ముందు గుడ్డతో తడి లేకుండా తుడవాలి, లేకపోతే పిండి జారుతుంది. రెండు చివర్లు కిందకి మడిచి నొక్కాలి.

మూడోసారి నా సబ్జెక్టు నాకు పనికొచ్చింది. ఇది గొప్పగానే చెప్తాను. తినే సోడాని మామూలుగా వాడితే బేకరీ బన్ను రంగు వస్తుంది తప్ప, ప్రెట్జెల్‌కి ఉండే ముదురు గోధుమ రంగు రాదు. జర్మనీ బేకరీల్లో కాస్టిక్ సోడా నీళ్ళలో ముంచుతారు. ఇంట్లో చిన్నపిల్లాణ్ణి పెట్టుకుని ఆ పని నేను చేయను, మీరూ చేయకండి. తినే సోడాని ప్లేటులో పరిచి ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర గంట ఉంచితే, నీరూ కార్బన్ డయాక్సైడూ పోయి సోడియం కార్బొనేట్ అనే ఇంకా ఘాటైన క్షారం మిగులుతుంది. పదో తరగతిలో ఆ సమీకరణం నాలుగు మార్కులకి ఇచ్చేవాణ్ణి. లెక్క ప్రకారం 100 గ్రాములకి 63 మిగలాలి. వంటింటి కాటాలో 65 చూపించింది! ఇది చాకలి సోడాయే, కానీ కొట్లో బట్టలకి అమ్మేది తిండికి వాడకూడదు. చేత్తో ముట్టుకోకండి, మండుతుంది. ఇందులో 60 గ్రాములు రెండు లీటర్ల నీళ్ళకి. అర నిమిషం ముంచి, గుడ్డు సొన రాసి, 220 డిగ్రీల దగ్గర పద్నాలుగు నిమిషాలు. క్షారం తగిలిన పిండికి రంగు తొందరగా ఎక్కుతుంది. మేం ఓవెన్ అద్దంలోంచి చూస్తుండగానే ఎర్రబడ్డాయి.

రాత్రికి బాగానే ఉన్నాయి. పొద్దున చూస్తే ముడతలు పడి, పైన ఉప్పు నీరై కారుతోంది. మా కోనసీమ గాలిలో తేమకి రాళ్ళుప్పు ఊరుకుంటుందా? అందుకే నిన్న తినేవాటి మీద మాత్రమే ఉప్పు వేసి కాల్చాం.

నిన్నటి పదిలో నాలుగు టిఫిన్ డబ్బాలో పెట్టి ఏసీ కుర్రాడి ఇంటికి పంపాను. పదింటికి ఫోన్ చేశాడు.

"బాగున్నాయండి మేస్టారూ. ఏ గిన్నెలో చేశారండి?"