కురుసుర ముందు సీల్ టీమ్ పంచాయితీ

నిన్న సాయంత్రం ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ముంత మసాలా తింటూ బావతో మళ్లీ అదే గొడవ. అమెరికా నేవీ కమాండోల మీద తీసిన టీవీ సిరీస్ ‘సీల్ టీమ్’కి ఎనిమిదో సీజన్ వస్తుందా?

2024లో ఏడో సీజన్‌తో అయిపోయింది బావా అంటే వినడే! సీబీఎస్ టీవీ చానల్‌లో బుధవారం రాత్రి స్లాట్ కదపకుండా ఉంచుంటే ఇప్పటికీ నడిచేదట. నాకైతే 2021లో, ఐదో సీజన్ నాలుగు ఎపిసోడ్లయ్యాక, పారామౌంట్ ప్లస్ ఓటీటీకి మారబట్టే అన్నాళ్లు బతికిందనిపిస్తుంది. టీవీలో ఉంటే అప్పుడే ఆపేసేవాళ్లేమో.

గొంతులు కాస్త లేచాయి, ఒప్పుకుంటాను. పక్క బెంచీ మీద నేవీలో రిటైరైన పెద్దాయన అంతా విని, కురుసుర వైపు చూపించి, “అందులోకి ఎప్పుడైనా వెళ్లారా బాబూ?” అన్నారు.

పదో తరగతిలో వెళ్లాను. బావైతే అసలు వెళ్లనే లేదు.