బాపు నాలుక, అవ్వ వంట

ఆదివారం కదా అని అవ్వ సర్వపిండి చేసింది. నువ్వులు, పల్లీలు, కరివేపాకు అన్నీ బాగానే పడ్డాయి, గిన్నెకు అంటుకున్న పెచ్చు కోసం పిల్లలు కొట్లాడుకున్నారు కూడా. బాపు మాత్రం ఒక ముక్క తిని "చప్పగుంది బిడ్డా, ఉప్పెయ్యలేదా?" అన్నాడు. అవ్వ మొహం మాడ్చుకుంది. మన ఇళ్లల్లో ఈ మాట ఎప్పుడూ వండినవాళ్ల మీదికే పోతుంది, తిన్నవాళ్ల నాలుక సంగతి ఎవరూ అడగరు.

బాపుకు 72 ఏళ్లు, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. పచ్చిపులుసులో మళ్లీ ఉప్పు కలుపుకుంటున్నాడు, రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే ఈయన ఒక్క పూటలోనే అది దాటేస్తాడేమోనని నా టెన్షన్. ఈ మధ్య అంగీలు వదులయ్యాయి కూడా. రుచి లేకపోతే ముద్ద దిగదు, ముద్ద దిగకపోతే ఒళ్లు తగ్గుతుంది.

మధ్యాహ్నం ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. చాలాసేపు పీల్చి "ఏందిది?" అన్నాడు. ఇంగువ! అప్పుడు అర్థమైంది, సమస్య సగం ముక్కుదే. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే, వయసు మీద పడితే నాలుక కంటే ముక్కే ఎక్కువ మందగిస్తుంది. గ్యాస్ లీకైతే ఎట్లా అని భయమేసింది. కొందరిలో పార్కిన్సన్స్ వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే వాసన తగ్గుతుందట, అది బాపుతో అనలేదు, ఊరికే బెంగ పెట్టుకుంటాడు.

మిరపకాయ తొక్కు మాత్రం ఇప్పటికీ అడిగి మరీ వేయించుకుంటాడు. కారం అసలు రుచి కాదు, మంట, ఆ కబురు మోసే నరం వేరు. అందుకే అది ఇంకా తగులుతోంది. రాత్రి పప్పులో ఉప్పు తగ్గించి నిమ్మకాయ పిండాను, వెల్లుల్లి ఎర్రగా వేయించి పోపు పెట్టాను, కొత్తిమీర గుప్పెడు. రెండోసారి వడ్డించుకున్నాడు, బాగుందని మాత్రం అనలేదు.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కొందరికి నోట్లో ఇనుము రుచి తెస్తుంది, కొన్ని మాత్రలకు నోరెండిపోతుంది, జింక్ తగ్గినా రుచి పోవచ్చు. పైగా కట్టుడు పళ్ల సెట్టు అంగిలంతా కప్పేస్తోంది. మాత్రలు మనంతట మనం ఆపేది కాదు కాబట్టి రేపు హన్మకొండలో డాక్టర్‌కు మందుల చీటీ చూపించి, అటే పళ్ల డాక్టర్ దగ్గరికీ పోవాలి. "ఉప్పు తక్కువైతే ఆస్పత్రికి తీసుకుపోతరా ఎవరన్నా?" అంటూ బాపు అప్పుడే ఆటో కిరాయి లెక్కేస్తున్నాడు, అవ్వ మాత్రం నాకంటే ముందు చీర తీసి పెట్టుకుంది.