మా బ్రూనోకి షుగర్, పీచు సంగతి

మా కుక్క బ్రూనో నీళ్లు తెగ తాగేవాడు. ఎంత తిన్నా చిక్కిపోయేవాడు, రాత్రిళ్లు లేపి మరీ బయటికి తీసుకెళ్లమనేవాడు. వాడు మూత్రం పోసిన చోట చీమలు పట్టడం చూశాక నాకు టెన్షన్ మొదలైంది. కుక్కల రక్తంలో గ్లూకోజు సుమారు 200 దాటితే మూత్రంలోకి దిగిపోతుంది. మావాడిది ఎప్పుడో దాటేసింది.

కుక్కలకు ఎక్కువగా వచ్చేది ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం. తిండి మార్చి సరిపెట్టుకునే వీలుండదు. మావాడికి 12 గంటలకోసారి సూది, దాంతోపాటే భోజనం. సూది అంత కష్టమేమీ కాలేదు. చర్మం కాస్త పైకి పట్టుకుని గుచ్చితే వాడు గిన్నెలోంచి తల కూడా ఎత్తడు. మాకు రాసిన ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్ల రకం, సిరంజీ దానికి తగినదే కావాలి. మనుషులు వాడే 100 యూనిట్ల సిరంజితో కొలిస్తే మోతాదు తప్పుతుంది.

తలనొప్పంతా తిండితోనే. షుగర్ కుక్కకి పీచు పెట్టమని తెలిసినవాళ్లంతా చెప్పారు. డాక్టరు గారు మాత్రం "పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాడు, ముందు ఒళ్లు రానివ్వండి" అన్నారు. నిజమే, పీచు కడుపు నింపుతుంది గానీ కేలరీలు పెద్దగా ఇవ్వదు. అందుకే వాడు కాస్త కోలుకున్నాకే మొదలుపెట్టాం, అదీ చిటికెడుతో.

ఇసబ్‌గోల్ లాంటి కరిగే పీచు నీళ్లు పీల్చి జిగురుగా ఉబ్బుతుంది. దాంతో తిండి కడుపులోంచి నెమ్మదిగా కదిలి, గ్లూకోజు ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా రక్తంలోకి చేరుతుంది. పెద్దపేగులోని బాక్టీరియా కరిగే పీచులో కొంత భాగాన్ని పులియబెడితే వచ్చే బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం పేగు గోడకు ఆహారం. సెల్యులోజ్ లాంటి కరగని పీచు అంతగా పులియదు, మలం పరిమాణాన్ని పెంచుతుంది. పీచు మోతాదు సరిపోయిందో లేదో నాకు చెప్పింది మాత్రం పొద్దున్నే సంచితో ఎత్తేటప్పుడు కనబడేదే! మోతాదు పెరగ్గానే మలం పలచబడింది, గ్యాస్‌కి గదిలో కూర్చోలేకపోయాం. తగ్గించి, నీళ్లు బాగా కలిపి పెట్టాక గట్టిపడి, ఎత్తితే నేలకు అంటుకోకుండా వచ్చింది.

పీచు వల్ల ఇన్సులిన్ మోతాదేమీ తగ్గలేదు. భోజనం తర్వాత ఎగబాకే రీడింగు మాత్రం కాస్త దిగింది. రెండు మూడు వారాల సగటు తెలిపే ఫ్రక్టోసమైన్ పరీక్ష కూడా మెరుగైంది. నీళ్ల గిన్నె ఇప్పుడు సాయంత్రం దాకా వస్తోంది. కళ్లలో శుక్లాలు అప్పటికే ముదిరాయి, అవి తిండితో తగ్గేవి కావు. ఆపరేషన్ చేయాలంటే షుగర్ ఇలాగే నిలకడగా ఉండాలన్నారు. ఆ తేదీ కోసం చూస్తున్నాం.