జర్మన్, జపనీస్ నేర్పే చోట ఎవరి పని ఏమిటి

భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, ఎటు వెళ్ళినా నర్సింగ్ కాలేజీల చుట్టుపక్కల జర్మన్, జపనీస్ కోచింగ్ బోర్డులు కనిపిస్తున్నాయి. బోర్డు మీద కోర్సు పేరు, ఫీజు, విమానం బొమ్మ ఉంటాయి. లోపల ఎవరు పనిచేస్తున్నారో మాత్రం ఉండదు. సెంటర్ మంచీచెడూ తేలేది ఆ మనుషుల దగ్గరే. సెంటర్ పెట్టాలనుకునేవాళ్ళకీ, అందులో ఉద్యోగానికి చేరేవాళ్ళకీ, పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులకీ పనికొస్తుందని ఒక్కొక్కరి పనీ వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. 90 నిమిషాల క్లాసు, 30 మంది పిల్లలు. టీచరు ఒక్క ముక్క మాట్లాడకపోయినా తలకి వచ్చేది 3 నిమిషాలు. టీచరు గంటసేపు బోర్డు దగ్గరే ఉంటే ఒక్క నిమిషం. జర్మన్‌లో స్థాయిలు ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని కింది నుంచి పైకి పోతాయి. అలా రోజుకో నిమిషం నోరు విప్పినవాళ్ళు బి1 మౌఖిక పరీక్షలో పావుగంట ఎలా నెట్టుకొస్తారు? అదే 16 మందిని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి 40 నిమిషాలు మాట్లాడిస్తే ఒక్కొక్కరికి 20 నిమిషాలు దక్కుతాయి. ఫీజు కట్టేది ఈ నిమిషాలకే. సెంటర్‌లో పనిచేసే ప్రతివాళ్ళనీ నేను దీంతోనే కొలుస్తాను.

ముందు గదిలో కూర్చునే మనిషి

వచ్చిన తల్లిదండ్రులు మొదట అడిగేది ఒకటే: "మా అమ్మాయికి ఎన్నాళ్ళు పడుద్దండి?" దీనికి నెలల్లో కాకుండా పీరియడ్లలో జవాబు చెప్పగలిగిన మనిషి ఆ కుర్చీలో ఉండాలి. జర్మన్ పరీక్షలు నడిపే గోథే సంస్థ 45 నిమిషాల పీరియడ్ లెక్కన ఇచ్చే అంచనా ఇది: ఏ1కి 80 నుంచి 200, ఏ2కి మొదటినుంచీ కలిపి 200 నుంచి 350, బి1కి 350 నుంచి 650, బి2కి 600 నుంచి 800. రోజుకి 4 పీరియడ్లు, వారానికి ఆరు రోజులు చెప్పినా వారానికి 24 అవుతాయి. మూడు నెలలంటే 13 వారాలు, 312 పీరియడ్లు. అంటే ఏ2 చివర్లో ఉంటారు. "మూడు నెలల్లో బి2" అని చెప్పే మనిషికి ఈ గుణకారం రాకపోవాలి, లేదా వచ్చీ దాచాలి. రోజుకి 2 పీరియడ్లే చెప్పే సాయంత్రం బ్యాచ్‌లో 700 పీరియడ్లు పూర్తవడానికి ఏడాది దాటుతుంది. ఆ మాట చేరే రోజే చెప్పాలి.

జర్మనీలో నర్సుగా గుర్తింపు రావడానికి సాధారణంగా బి2 అడుగుతారు. బి1తో వెళ్ళి మిగతాది అక్కడ పూర్తిచేసే దారులూ ఉన్నాయి. జపాన్‌కి 2019 ఏప్రిల్‌లో మొదలైన నైపుణ్య వీసా కోసమైతే జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో ఎన్4 స్థాయి గానీ (ఎన్5 అన్నిటికంటే కిందిది, ఎన్4 దానిపై మెట్టు), జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో జపనీస్ పరీక్ష గానీ ప్యాసై ఉండాలి. వృద్ధుల సంరక్షణ పనికి దీనితోపాటు ఆ పనికి సంబంధించిన పరీక్షా, ఆ పనిలో వాడే జపనీస్ పరీక్షా కూడా రాయాలి. ముందు గది మనిషికి ఇంతవరకు తెలిస్తే చాలు. ఇక్కడితో ఆగడం కూడా తెలియాలి. భాష నేర్పడం ఒక పని, విదేశంలో ఉద్యోగం ఇప్పించడం వేరే పని. రెండోదానికి 1983 నాటి వలస చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. గల్ఫ్ ఏజెంట్ల చేతుల్లో నలిగిన కుటుంబాలు కోనసీమలో తక్కువేమీ లేవు. కాబట్టి ఫీజు రసీదు మీద "భాషా శిక్షణ" అని విడిగా రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు సెంటర్‌లో పెట్టుకోనివ్వకండి. జిరాక్సు చాలు.

టీచరు

చెప్పే స్థాయికి కనీసం రెండు మెట్లు పైన ఉన్నవాళ్ళే చెప్పాలి. ఏ1 చెప్పడానికి బి1, బి1 చెప్పడానికి సి1. బి1 ప్యాసైన మర్నాడే బి1 బ్యాచ్ పట్టిన టీచరుకి పుస్తకంలో జవాబులు తెలుస్తాయి గానీ, పిల్ల రాసిన వాక్యం ఎందుకు తప్పో తెలియదు. సర్టిఫికెట్ చూపించమని అడగడం అవమానమేమీ కాదు. మంచి టీచర్లు అడగకముందే చూపిస్తారు.

తెలుగు రాని టీచరు కంటే తెలుగు వాడడం తెలిసిన టీచరు ఈ ప్రాంతంలో ఎక్కువ ఉపయోగం. క్లాసులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే సెంటర్లున్నాయి. నాకది తప్పనిపిస్తుంది. జపనీస్ వాక్యం నడక మనదే: కర్త, కర్మ, చివర క్రియ. మన కి, లో, నుంచి లాగే వాళ్ళ ని, దె, కర పదం వెనకాలే వస్తాయి. "వస్తాడు అని అనుకుంటున్నాను"లో మన "అని" ఎక్కడుందో వాళ్ళ "తొ" సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంగ్లీషు మీదుగా చెబితే మూడు క్లాసులు పట్టే ఈ సంగతి తెలుగులో పావుగంటలో తేలిపోతుంది. హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు మనకి పుట్టుకతో వచ్చినవే. "ఒబసాన్" అంటే పిన్ని వరస, "ఒబాసాన్" అంటే అమ్మమ్మ వరస. ఈ తేడా మన చెవికి ఇట్టే అందుతుంది.

జర్మన్‌లో ఇంత సుఖం లేదు. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో కూర్చోవాలి. మన పిల్లలు దాన్ని చివరికి తోసేస్తారు. "వైల్"తో, అంటే ఎందుకంటేతో, మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ చివరికే పోతుంది, అక్కడ మాత్రం ఇబ్బంది పడరు. "నా పేరు లక్ష్మి"లో మనకి క్రియ అక్కర్లేదు కాబట్టి "మైన్ నామె లక్ష్మి" అని రాసి "ఇస్ట్" వదిలేస్తారు. ఆర్టికల్స్ మన భాషలో లేవు కాబట్టి డెర్, డీ, దాస్ ఎగిరిపోతాయి. నామవాచకం ఎప్పుడు రాసినా ఆర్టికల్‌తో కలిపే రాయించాలి, మూడు లింగాలకీ మూడు రంగుల పెన్నులు పెట్టించాలి. మొదటి నెలలో ఈ అలవాటు పడకపోతే బి1లో ఎంత కొట్టుకున్నా రాదు.

ఉచ్చారణ రెండో వారంలోనే సరిచేయాలి. "యు" మీద రెండు చుక్కలున్న అక్షరానికి పద్ధతి ఇది: "ఈ" అని లాగుతూ, నాలుక కదపకుండా, పెదవులు మాత్రం "ఊ"కి చుట్టినట్టు చుట్టాలి. "ఓ" మీద చుక్కలుంటే "ఏ" అంటూ పెదవులు "ఓ"కి చుట్టాలి. ఫోన్ సెల్ఫీ కెమెరా పెట్టుకుని చేయిస్తే పెదవులు జారడం వాళ్ళకే కనిపిస్తుంది. జర్మన్ "జెడ్"ని మన పిల్లలు ఇంగ్లీషులా పలుకుతారు. చాప, చుట్ట, చొక్కా అన్నప్పుడు మన నోట్లో వచ్చే చ ఉందే, అదే ఆ శబ్దం. ఒకసారి చూపిస్తే ఇక మరిచిపోరు. జపనీస్ "త్సు"కి కూడా అదే చ పనికొస్తుంది. పదాల చివర హల్లు ఆగదు మనకి, "గూట్" కాస్తా "గూటు" అవుతుంది. పదం తర్వాత నోరు మూసి ఒక క్షణం ఆగమనాలి. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోవడం మొదటి వారం, రెండు వారాలు సరే. ఆ తర్వాత ఆపించాలి, ఎందుకంటే చుక్కల అచ్చులకి మన లిపిలో అక్షరాలు లేవు, పుస్తకంలో రాసుకున్న తప్పే నోట్లో స్థిరపడుతుంది.

ఏ1 మౌఖిక పరీక్షలో పేరు స్పెల్లింగ్ చెప్పమంటారు, ఒక నంబరు చెప్పమంటారు. తేలికైన మార్కులు పోయేది ఇక్కడే. జర్మన్‌లో "ఇ" అక్షరాన్ని "ఏ" అంటారు, "ఐ"ని "ఈ" అంటారు. పదిహేనేళ్ళ ఇంగ్లీషు అలవాటు అడ్డొచ్చి రెండూ తారుమారవుతాయి. "వి" అంటే "ఫౌ", "డబ్ల్యు" అంటే "వే", "జె" అంటే "యోట్". ఇక 21ని "ఒకటీ ఇరవై" అన్న వరసలో చదువుతారు కాబట్టి ఫోన్ నంబరులో విన్న 21ని మన పిల్లలు 12 గా రాసేస్తారు. రోజూ క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు నంబర్లు చెప్పి రాయించడమే దీనికి మందు.

దిద్దే మనిషి, మాట్లాడించే మనిషి

చాలా సెంటర్లలో ఈ ఉద్యోగమే ఉండదు. బి1 రాత పరీక్షలో మూడు పనులు: 80 మాటల ఈమెయిల్, 80 మాటల అభిప్రాయం, 40 మాటల మర్యాద ఉత్తరం. 16 మంది వారానికొక్కసారి 80 మాటలు రాసినా, ఒక్కోటి శ్రద్ధగా దిద్దడానికి 7 నిమిషాల చొప్పున దాదాపు రెండు గంటలు. రోజూ మూడు బ్యాచ్‌లు చెప్పే టీచరు దగ్గర ఆ రెండు గంటలు ఉండవు. ఫలితంగా ఎర్ర పెన్నుతో టిక్కు పడుతుంది, పిల్ల సంతోషిస్తుంది, పరీక్షలో పోతుంది. ఆ స్థాయి దాటి, ఇంకో మెట్టు పైకి చదువుతున్న పాత విద్యార్థికి జీతమిచ్చి ఈ పని అప్పగించాలి. తప్పుని తాను సరిచేసి రాయకూడదు. మార్జిన్‌లో గుర్తు మాత్రం పెట్టాలి: క్రియ స్థానం తప్పితే ఒక గుర్తు, ఆర్టికల్ తప్పితే ఒకటి, విభక్తి తప్పితే ఒకటి. పిల్లే సరిచేసి మర్నాడు తెచ్చి చూపించాలి. దిద్దేవాళ్ళకి సందేహం వచ్చిన వాక్యాలు విడిగా రాసి టీచరుకి ఇవ్వాలి.

సాయంత్రం జంటలుగా మాట్లాడించేదీ వాళ్ళే. ఎప్పుడూ ఒకే స్నేహితురాలితో జత కడితే ఒకరి తప్పులు ఒకరికి అలవాటైపోతాయి, కాబట్టి వారానికోసారి జతలు మార్చాలి. మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆపకుండా, విన్న తప్పులు కాగితం మీద రాసుకుని చివర ఐదు నిమిషాల్లో చెప్పాలి.

వినే ప్రాక్టీసులో ఒక పొరపాటు అన్ని చోట్లా చూస్తాను. అర్థం కాలేదంటే ఆడియో మళ్ళీ వేస్తారు, మూడోసారీ వేస్తారు. గోథే బి1లో నాలుగు భాగాలుంటే మొదటిదీ, చివరిదీ మాత్రమే రెండుసార్లు వినిపిస్తారు. మధ్యవి రెండూ ఒక్కసారే. ఏ1లో కూడా రెండో భాగం ఒక్కసారే. పరీక్షలో ఎన్నిసార్లు వేస్తారో ప్రాక్టీసులోనూ అన్నిసార్లే వేసి, జవాబులు రాయించాక కావాలంటే మళ్ళీ వినిపించాలి.

పరీక్షల పని చూసే మనిషి

జర్మన్ పరీక్షకి మనవాళ్ళు ఎక్కువగా హైదరాబాద్ గానీ చెన్నై గానీ వెళ్తారు. స్లాట్లు తెరిచే రోజు, ఫీజు గడువు, వెళ్ళే రైలు, ఇవన్నీ ఒక మనిషి చేతిలో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం పేరు. మన టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పరీక్షకి పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా నమోదు చేయాలి. సర్టిఫికెట్ మీద పుట్టిన ఊరు కూడా అచ్చవుతుంది కాబట్టి ఊరి స్పెల్లింగూ అంతే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక పాత కాగితాల్లో తూర్పు గోదావరి, కొత్త వాటిలో కోనసీమ అని ఉండడం మామూలే. దానికి కంగారు పడి ఊరి పేరు మార్చి నింపొద్దు. ఫారం పంపేముందు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఇద్దరు, ఒకరు చదువుతుంటే ఒకరు చూస్తూ, సరిపోల్చాలి.

కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారి దిగి, అలాగే పరీక్ష హాలుకి పరుగెత్తడం మంచిది కాదు. బండి రెండు గంటలు ఆలస్యమైతే ఫీజు పోయినట్టే. ముందు రోజే చేరాలి.

టైం టేబులు వేసేది కూడా సాధారణంగా ఈ మనిషే. ఇక్కడ ఊళ్ళ సంగతి తెలియాలి. నర్సులకి డ్యూటీలు మారుతుంటాయి, కాబట్టి ఒకే పాఠం ఉదయం, సాయంత్రం రెండు పూటలా నడవాలి. సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురం వచ్చేవాళ్ళు పంటు (రేవు దాటించే పడవ) మీద గోదావరి దాటాలి, సాయంత్రం క్లాసు అరగంట సాగితే ఇంటికి చేరడమే ఇబ్బంది. జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగితే లంక గ్రామాల కాజ్‌వేలు మునుగుతాయి. ఆ వారాలకి ఫోన్‌లో క్లాసు నడిపే ఏర్పాటు ముందే ఉండాలి. జనవరి మొదటి వారంలో కొత్త బ్యాచ్ మొదలుపెట్టకండి. సంక్రాంతికి అందరూ వెళ్ళిపోతారు, తిరిగొచ్చేసరికి అక్షరాలు కూడా మరిచిపోతారు. కనుమ దాటాక సోమవారం చూసుకుని మొదలుపెడితే సరిపోతుంది.

పొద్దున్నే ఆరింటికి గది తెరిచి, ఇన్వర్టర్ చూసి, స్పీకర్ ఛార్జింగ్ పెట్టే ఆయమ్మ గురించి ఎవరూ రాయరు. ఆమె అరగంట ఆలస్యమైతే డ్యూటీకి ముందు చదువుకునే పిల్లలకి ఆ రోజు క్లాసే లేదు. ఆమె జీతం ఆలస్యం చేయకండి.

ఫలితాలు వచ్చాక

బి1, బి2లలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు విడి మాడ్యూళ్ళు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి, పోయినదాన్నే మళ్ళీ రాస్తే చాలు. ఏ1, ఏ2 అలా కాదు, పోతే మొత్తం మళ్ళీ రాయాలి. ఇది తెలియక, రాత ఒక్కటే పోయిన పిల్లతో మళ్ళీ పూర్తి బ్యాచ్ ఫీజు కట్టిస్తుంటారు. జేఎల్‌పీటీ ఎన్4లో 180కి 90 వస్తే చాలనుకుంటారు, కానీ వినడంలో 60కి 19 కంటే తక్కువొస్తే మొత్తం ఎంత వచ్చినా ఫెయిలే. జేఎల్‌పీటీ జులై, డిసెంబరు నెలల్లో మాత్రమే. అది పోతే ఆర్నెల్లు ఆగకుండా కంప్యూటర్ మీద రాసే జేఎఫ్‌టీ బేసిక్ చూడొచ్చు. అందులో 250కి 200 రావాలి.

మార్కులు రాగానే పరీక్షల మనిషి, టీచరు, దిద్దే మనిషి ముగ్గురూ కూర్చుని, ఏ మాడ్యూల్‌లో ఎవరు పోయారో ఒక కాగితం మీద రాయాలి. ఒక్క పిల్లే రాతలో పోతే అది ఆ పిల్ల సంగతి. బ్యాచ్‌లో సగం మంది వినడంలోనే పోతే స్పీకరో, ఆడియో వేసే పద్ధతో, గది చప్పుడో చూడాలి. సగం మంది మాట్లాడడంలోనే పోతే మొదట్లో చెప్పిన నిమిషాల లెక్క ఆ బ్యాచ్‌కి వేసి చూడండి. ఆ కాగితం తల్లిదండ్రులు అడిగితే చూపించాలి.