కొనుగోలు ఆమోదం వర్క్‌ఫ్లో: పెట్రీ నెట్‌తో తనిఖీ, ప్రాసెస్ ట్రీతో నిర్మాణం

అర్జీ నమోదు కాగానే రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. అకౌంట్స్ వాళ్లు బడ్జెట్ చూసి మంజూరు చేస్తారు, లేదా తిరస్కరిస్తారు. ఈలోగా స్టోర్స్ వాళ్లు కొటేషన్ తెప్పిస్తారు. మంజూరు, కొటేషన్ రెండూ ఉంటే ఆర్డర్.

మొదటి నెట్. పెట్రీ నెట్ అంటే పని ఎక్కడిదాకా వచ్చిందో టోకెన్లతో చూపే బొమ్మ: టోకెన్లు ప్లేస్‌లలో ఉంటాయి, ట్రాన్సిషన్ అనే ప్రతి పనీ తన ముందున్న ప్లేస్‌ల నుంచి టోకెన్లు తీసి తర్వాతి వాటిలో పెడుతుంది. ఈ నెట్‌లో తిరస్కరణ బాణం నేరుగా ముగింపుకే వెళ్తుంది. ఆఫీసు ఫ్లోచార్టుల్లో మామూలుగా కనిపించేది ఇదే. చేరగల స్థితులు (టోకెన్ల అమరికలు) 8, కాగితం మీదే రాసుకోవచ్చు. అందులో 2 చెడ్డవి: ముగింపులో టోకెన్ పడినా కొటేషన్ వైపు ఇంకొకటి మిగిలే ఉంటుంది. అర్జీ కొట్టేశాక కూడా స్టోర్స్ వాళ్లు కొటేషన్ కోసం తిరుగుతూనే ఉంటారన్నమాట. వర్క్‌ఫ్లో నెట్‌లపై వాన్ డర్ ఆల్స్ట్ సిద్ధాంతంతోనూ ఈ తప్పు దొరుకుతుంది: ముగింపు నుంచి మొదలుకు ఒక ట్రాన్సిషన్ కలిపినప్పుడు నెట్ లైవ్ (ఏ ట్రాన్సిషనూ శాశ్వతంగా ఆగిపోదు), బౌండెడ్ (టోకెన్లు హద్దు లేకుండా పేరుకోవు) రెండూ అయితేనే అసలు నెట్ సౌండ్, అంటే ఎక్కడి నుంచైనా ఏమీ మిగలకుండా ముగియగలదు, ఎప్పటికీ జరగని పనీ ఉండదు. ఇక్కడ ప్రతి తిరస్కరణకూ ఒక టోకెన్ పేరుకుపోతుంది, కాబట్టి బౌండెడ్ కాదు.

రెండో నెట్. తిరస్కరణకు సొంత ప్లేస్ ఇచ్చి, అదీ కొటేషనూ కలిస్తేనే జరిగే ‘రద్దు’ ట్రాన్సిషన్ పెట్టాం. స్థితులు మళ్లీ 8, అన్నీ శుభ్రంగా ముగుస్తాయి. అయితే ఫ్రీ-చాయిస్ లక్షణం (ఒక ప్లేస్‌ను పంచుకునే ట్రాన్సిషన్‌లకు ఇన్‌పుట్‌లన్నీ ఒకటే కావడం) పోయింది: కొటేషన్ ప్లేస్‌ను ఆర్డర్, రద్దు రెండూ వాడుతున్నాయి, వాటి మిగతా ఇన్‌పుట్‌లు వేరు. ఫ్రీ-చాయిస్ నెట్‌లకు సౌండ్‌నెస్ పాలినోమియల్ సమయంలో (నెట్ పెరిగినా విపరీతంగా పెరగని సమయంలో) తేలుతుంది. అది లేకపోతే స్థితులన్నీ తిరగాల్సి రావచ్చు. సమాంతరంగా 20 పనులుంటే, ఒక్కోటీ అయిందా లేదా అని రెండేసి చొప్పున, అవే 10,48,576.

టీఎల్‌సీలో. ఇది టీఎల్ఏ+ భాషలో రాసిన నమూనా స్థితులన్నీ తిరిగి చూసే సాధనం. సక్రమంగా ముగిసిన స్థితిని కూడా టీఎల్‌సీ డెడ్‌లాక్ (ముందుకు కదలని స్థితి) అంటుంది. అందుకని డెడ్‌లాక్ తనిఖీని ఆపేయకండి, అసలు డెడ్‌లాక్‌లూ దాక్కుంటాయి. ముగిశాక ఏమీ మారని ఒక యాక్షన్ చేర్చండి. ‘ఎప్పటికైనా ముగుస్తుంది’ అని అడిగేటప్పుడు వీక్ ఫెయిర్‌నెస్ (ఎడతెగకుండా వీలుగా ఉన్న పని ఎప్పటికైనా జరగాలనే షరతు) రాయకపోతే, ఎక్కడైనా ఆగిపోయిన నడకనే ప్రతికూల ఉదాహరణగా చూపిస్తుంది. ‘కొటేషన్ మళ్లీ తెప్పించు’ లూప్ చేరిస్తే వీక్ ఫెయిర్‌నెస్ కూడా చాలకపోవచ్చు. పైగా ముగింపు విషయంలో సౌండ్‌నెస్ కోరేది ‘ఎక్కడున్నా ముగిసే దారి ఒకటి ఉంది’ అని మాత్రమే. ఒక్కో నడకను విడిగా మాత్రమే చూసే లీనియర్ టెంపోరల్ లాజిక్‌లో ఇది పట్టదు. స్థితుల గ్రాఫ్‌లో ముగింపు నుంచి వెనక్కి నడిచి చూడటమే తేలిక.

నిర్మాణం. సీక్వెన్స్, ఎంపిక, సమాంతరం, లూప్ అనే ముక్కలతో కట్టిన ప్రాసెస్ ట్రీ నుంచి వచ్చే నెట్ ఎప్పుడూ సౌండే. ఇండక్టివ్ మైనర్ అనే అల్గారిథం, జరిగిన పనుల లాగ్‌ల నుంచి ఇలాంటి ట్రీనే కడుతుంది. మన ట్రీ ఇది: నమోదు, ఆ తర్వాత (మంజూరు లేదా తిరస్కరణ) సమాంతరంగా కొటేషన్, చివర ఆర్డర్ లేదా రద్దు. చిక్కల్లా ఆ చివరి ఎంపికలోనే. ముందు ఏం నిర్ణయించారో ట్రీకి గుర్తుండదు, తిరస్కరించిన అర్జీకి కూడా ఆర్డర్ పోవచ్చు. ట్రీని పైనుంచే రెండు కొమ్మలుగా చీలిస్తే పనుల వరుసలు సరిగ్గానే వస్తాయి గానీ, బడ్జెట్ చూడకముందే ఫలితం ఖాయమైపోతుంది. అందుకే ట్రీని అలాగే ఉంచి, చివరి ఎంపికకు డేటా గార్డ్ పెడుతున్నాం: మంజూరు విలువ నిజమైతే ఆర్డర్, కాకపోతే రద్దు. విలువ ఖాళీగా ఉంటే రెండూ ఆగిపోకుండా, నమోదప్పుడే దానికి ‘కాదు’ అని రాయాలి. సౌండ్‌నెస్ హామీ గార్డులకు వర్తించదు కాబట్టి, వీటితో కలిపి టీఎల్‌సీ మళ్లీ నడపాలి.